ఇల్లు అని వెతికితే

పోయిన జూన్‌లో ఒక రాత్రి, ఫోన్‌లో ఎప్పుడో రాసుకున్న ఒక నోట్ కోసం గంటన్నర వెతికాను. తెనాలి నుంచి సికింద్రాబాద్ వస్తుంటే రైల్లో ఎదురు సీటు పెద్దావిడ అన్న మాట అది. రాసుకున్నానని తెలుసు. ఏం రాసుకున్నానో తెలీదు. అమ్మేసిన ఇంటి గురించి ఏదో చెప్పింది, అంతవరకే గుర్తు. సెర్చ్‌లో "ఇల్లు" అని కొట్టాను. పదకొండు నోట్లు వచ్చాయి. వాటిలో ఎనిమిది, కూకట్‌పల్లిలో అద్దెకి తిరుగుతున్నప్పుడు రాసుకున్న ఓనర్ల నంబర్లు. ఆవిడ ఎక్కడా లేదు.

మర్నాడు మెట్రోలో నిలబడి ఆఫీసుకి వెళ్తుంటే తట్టింది. ఆవిడ "ఇల్లు" అనుండదు. "ఇంటిని" అనుంటుంది, "ఇంట్లో" అనుంటుంది. "ఇంట" వరకు కొట్టి ఆపాను. వచ్చేసింది. "ఇంటిని అమ్మినాక కూడా తాళంచెవి నా దగ్గరే ఉండిపోయిందమ్మా. వాళ్ళు తాళం మార్చేసుకున్నారంట. అయినా పారెయ్యబుద్ధి కాలా."

బళ్ళో బట్టీ పట్టిన ఔపవిభక్తికాలు ఇన్నేళ్ళకి ఇట్లా ఎదురొచ్చాయి. ఇల్లు–ఇంటి, కన్ను–కంటి, నోరు–నోటి, చెయ్యి–చేతి, ఏరు–ఏటి. తెలుగులో మనకి మరీ దగ్గరివైన మాటలే విభక్తి తగిలేసరికి రూపు మార్చేసుకుంటాయి. ఫోన్‌కి అక్షరాలు తప్ప వ్యాకరణం తెలీదు. "కన్ను" అని వెతికితే కంటినీళ్ళు దొరకవు. దానికి తోడు నేను ఒకరోజు "ఊళ్ళో" అని రాస్తాను, ఇంకోరోజు "ఊళ్లో" అని. మనిషికి రెండూ ఒకటే. మెషీన్‌కి రెండు వేరే ఊళ్ళు. ఇంగ్లీషులో నోట్స్ రాసుకునే మా టీమ్ వాళ్ళకి ఈ బాధ ఇంతగా ఉండదు. తెలుగులో రాసుకునేవాళ్ళకి, రాసినదాని కింద ఒక మాట తగిలించి పెట్టుకోవడం, అంటే ట్యాగ్, సరదా కాదు. అవసరం.

ట్యాగులు నాకు కొత్తేం కాదు. 2018 నుంచీ పెడుతున్నాను. కానీ పెట్టినవి చూస్తే నాకే నీరసం వచ్చేది. పుస్తకాలు, సినిమాలు, ఆఫీసు, కుటుంబం, కోట్స్. "కోట్స్" కింద మూడొందలు దాటాయి, ఒక్కసారి కూడా తెరిచింది లేదు. అది గోడౌన్. సరుకు లోపలికి వెళ్ళడమే తప్ప బయటికి రావడం ఉండదు.

మార్పు అనుకోకుండా వచ్చింది. ఒక అర్ధరాత్రి నిద్రమత్తులో ఏదో రాసి, ట్యాగ్ దగ్గర ఏం పెట్టాలో తోచక "అయ్యో" అని కొట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే నవ్వొచ్చింది. తీసెయ్యబోయి, పోనీలే అని వదిలేశాను. ఆరు నెలల్లో అయ్యో కింద చేరినవాటిలో కొన్ని చెప్తాను. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద యాభై రూపాయలకి కొన్న పుస్తకం, మొదటి పేజీలో ప్రేమతో ఇచ్చినట్టు సంతకం, ఎవరికిచ్చారో ఆ పేరు మాత్రం బ్లేడుతో గీకేసి ఉంది. ఆఫీసు క్యాంటీన్‌లో వడ్డించే అబ్బాయి నా పేరడిగి, వాళ్ళ చెల్లి పేరూ అదేనని సంబరపడి, ఒక అప్పడం ఎక్కువేసి, మర్నాటి నుంచి మళ్ళీ కనపడలేదు. అమ్మ ఫోన్ చేసి "మీ నాన్నకి చెప్పకే" అంటూ, పొద్దున నాన్న "మీ అమ్మకి చెప్పకు" అని చెప్పిన విషయమే నాకు మళ్ళీ చెప్పింది.

పాత పద్ధతిలో అయితే మొదటిది పుస్తకాల్లోకి, రెండోది ఆఫీసులోకి, మూడోది కుటుంబంలోకి పోయేవి. మూడు గదులు, మూడు తలుపులు. ఒకదానికొకటి ఎదురుపడే అవకాశమే లేదు. నాకు మాత్రం అవి మూడూ ఒకచోటే తగిలాయి.

అప్పట్నుంచి ట్యాగ్ అంటే విషయం పేరు కాదనీ, నోట్ రాసిన వెంటనే నోటికొచ్చే మాట అనీ అలవాటు చేసుకున్నాను. "నవ్వొచ్చింది గానీ", "మళ్ళీ అదే", "నాయనమ్మ అయితే", "ఇది నేను కాదు", "చెప్పలేదు". విషయాల పేర్లు కూడా ఉంటాయి: వాన, డబ్బు, అక్క, లెక్కలు. పాటించే నియమం ఒక్కటే. ట్యాగ్ ఆలోచించి పెట్టకూడదు, పాత జాబితా చూసి అసలు పెట్టకూడదు. దీనివల్ల నష్టం ఉంది. రెండొందలకి పైగా ట్యాగుల్లో సగానికి దగ్గర ఒక్కసారి వాడి వదిలేసినవే. వారం వారం ట్యాగులు సర్దుకోవాలనీ, రంగులు వేసుకోవాలనీ చెప్పే వీడియోలు బోలెడున్నాయి. ఒక శనివారం కూర్చుని చేశాను కూడా. "అయ్యో"నీ "పాపం"నీ కలిపేశాను. పది నిమిషాలకి మళ్ళీ విడదీశాను. అయ్యోలో నేనున్నాను. పాపంలో లేను.

ఒక వస్తువు ఒకేచోట ఉండాలనేది బీరువాల నాటి చట్టం. పుస్తకాన్ని రెండు అరల్లో పెట్టలేం కదా. ఈ ఇబ్బందిని గట్టిగా పట్టించుకున్నవాళ్ళలో ఎస్.ఆర్. రంగనాథన్ ఒకరు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పుకునే ఆయన 1924లో మద్రాసు యూనివర్సిటీకి లైబ్రేరియన్ అయ్యారు. ఆ పని నేర్చుకోడానికి లండన్ వెళ్ళినప్పుడు ఒక పెద్ద దుకాణంలో మెకానో బొమ్మలు చూశారట. అవే పట్టీలు, అవే మరలు, బిగించే తీరుని బట్టి ఒకసారి క్రేను, ఒకసారి బండి. పుస్తకం విషయాన్ని కూడా అట్లా ముక్కలుగా విడదీసి మళ్ళీ బిగించొచ్చు కదా అనిపించింది ఆయనకి. 1933లో అచ్చయిన కోలన్ వర్గీకరణ అక్కణ్ణుంచి వచ్చిందే. ముక్కకీ ముక్కకీ మధ్య కోలన్ గుర్తు. ప్రతి విషయాన్నీ అయిదు వైపుల నుంచి చూడాలంటాడు: వ్యక్తిత్వం, పదార్థం, శక్తి, స్థలం, కాలం. ఇది చదివినరోజు నేనూ ఉత్సాహంగా నోట్స్‌కి అయిదేసి ట్యాగులు పెట్టాను. మూడోరోజుకి ఆవిరైపోయింది. లైబ్రరీకి పదిమంది వస్తారు, పదిమందికీ అర్థమయ్యే క్రమం కావాలి. నా నోట్స్‌కి వచ్చేది నేనొక్కదాన్నే, అదీ రాత్రి పదకొండు దాటాక.

ఇంటర్నెట్ వచ్చాక అరలు పోయాయి. 2003లో డెలిషియస్ అనే సైట్‌లో జనం తమకి నచ్చిన లింకులకి తమకి తోచిన మాటలు తగిలించడం మొదలుపెట్టారు. 2004లో జీమెయిల్ ఫోల్డర్లు మానేసి లేబుళ్ళు ఇచ్చింది, ఒకే ఉత్తరం నాలుగు లేబుళ్ళ కింద ఉండొచ్చు. 2007 ఆగస్టులో క్రిస్ మెసీనా ట్విట్టర్‌లో మాట ముందు హ్యాష్ గుర్తు పెడదామా అని అడిగాడు. తర్వాత కథ అందరికీ తెలుసు, పెళ్ళికార్డుల మీద కూడా చూస్తున్నాం.

నాకైతే ఇదంతా మన శతకాల్లో ఎప్పుడో ఉందనిపిస్తుంది. (మనవాళ్ళు విమానాలు కూడా కనిపెట్టారు అనే బాపతు మాట కాదిది, కంగారుపడకండి.) శతకంలో ప్రతి పద్యం ముక్తకం. ముందు పద్యంతో పనిలేదు, వెనక పద్యంతో పనిలేదు. ఒకటి ఉప్పు గురించి, ఒకటి చుట్టాల గురించి, ఒకటి చావు గురించి. వాటన్నిటినీ ఒక కుటుంబం చేసేది మకుటం ఒక్కటే. క్రమం ఎట్లా మార్చినా శతకం చెడదు. ఇంకో తమాషా ఏంటంటే, మకుటం ఎవరైనా వాడుకోవచ్చు. 1829లో బ్రౌన్ వేమన పద్యాలు అచ్చు వేయించేనాటికే అవి ఎన్నో రాతప్రతుల్లో, ఎందరి నోళ్ళలోనో తిరుగుతున్నాయి. వేమన పేరుతో ఉన్నవన్నీ వేమనవి కావని పండితులు ఎప్పట్నుంచో చెప్తున్నారు. ఊరి అరుగు మీద ఎవడికో ఒక మంచి మాట తోచింది. వాడి పేరు పెడితే ఎవరూ వినరు. చివర వేమన మకుటం తగిలించాడు, అది బతికింది.

నాయనమ్మకి శతకాలు రావు, చదువూ రాదు. ఏదైనా గుర్తుంచుకోవాలంటే కొంగుకి ముడి వేసుకునేది. సాయంత్రం పొయ్యి దగ్గర చెయ్యి తుడుచుకోబోతే ముడి తగిలేది. "ఇదెందుకేశానబ్బా" అని అట్లాగే నిలబడిపోయేది. ఒక్కోసారి గుర్తొచ్చేది. ఒక్కోసారి ఆ ముడి దేనికి వేసిందో అది రాదు, ఇంకేదో గుర్తొచ్చేది, దానికోసమే వేశాననుకుని ఆ పని చేసేసేది. పాలవాడికి డబ్బులివ్వాలని వేసిన ముడితో, ఇరవై ఏళ్ళ కిందట చెల్లెలికి ఇస్తానన్న చీర సంగతి గుర్తొచ్చి ఏడ్చిందని అమ్మ చెప్తుంది. పాలవాడు మర్నాడు తిట్టాడట. ముడిలో ఏముందో ముడి చెప్పదు. ఇక్కడ ఒకటుంది అని మాత్రం చెప్తుంది.

పోయిన దీపావళి ముందు ఒక రాత్రి, పనేం లేక "లెక్కలు" ట్యాగ్ తెరిచాను. అందులో ఏదో సరుకు ఉంటుందని కాదు. అద్దె పెరుగుదల, జీతంలో కోతలు, మా అపార్ట్‌మెంట్ మెట్లు, ఇట్లాంటి అంకెల సంగతులు వేసే చోటు అది. మొత్తం పద్నాలుగు. వాటి మధ్య రెండు నోట్లు ఒకదాని కింద ఒకటి కనపడ్డాయి.

2019 నాటిది: బాబాయి కూతురి పెళ్ళి. వంటాయన బియ్యం ఎంత దింపమంటారని అడిగితే మగవాళ్ళంతా మొహాలు చూసుకుంటున్నారు. అక్క పూలు గుచ్చుతూ తలెత్తకుండా చెప్పింది. పెద్దవాళ్ళు నూట ఎనభై, పిల్లలు ముప్పై, రేపల్లె వాళ్ళు ముహూర్తం కాగానే వెళ్ళిపోతారు కాబట్టి రాత్రికి ముప్పావు వంతు, బియ్యం ఇంత, పప్పు ఇంత, పెరుగు ఇంత. కాయితం లేదు, ఫోన్ లేదు. చివరికి మిగిలింది ఒక గిన్నె పప్పు.

2022 నాటిది: ఇంటికొచ్చిన చుట్టాలావిడ "పెద్దమ్మాయిని ఎందుకు చదివించలేదు" అనడిగింది. "దానికి లెక్కలు రావమ్మా" అంది అమ్మ. అక్క గోంగూర వలుస్తూ "అవును పిన్నీ, నాకు లెక్కలంటే భయం" అంది. దీనికి రెండో ట్యాగ్ కూడా ఉంది: చెప్పలేదు.

మూడేళ్ళ తేడాతో రాసినవి. రెండూ నేనే రాశాను. రెంటికీ నేనే ఆ మాట తగిలించాను. ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు.

మా ఇంట్లో అదొక సామెతలాగా ఉండేది: పెద్దదానికి లెక్కలు రావు, చిన్నదానికి వస్తాయి. మాది తెనాలి పక్కన పల్లె. అక్క టెన్త్ తర్వాత తెనాలిలో ఇంటర్ ఎంపీసీలో చేరింది. రోజూ బస్సు. రెండు నెలలకి అర్థం కావట్లేదని మానేసింది. తర్వాత ఇంటి దగ్గరే చదివి ఓపెన్ ఇంటర్ రాసింది. ఇరవై నిండగానే పెళ్ళి. నాలుగేళ్ళ తర్వాత నా వంతు వచ్చింది. హాస్టల్ ఖర్చెందుకు, బస్సులో వెళ్ళొస్తుందిగా అని నాన్న అంటే, పుట్టింటికొచ్చి ఉన్న అక్క ఒక్కతే పట్టుబట్టింది, హాస్టల్లోనే వెయ్యాలని. నేను హాస్టల్లో ఉండి చదివాను. ఇంటర్, బీటెక్, ఉద్యోగం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇద్దర్నీ చదివించే స్తోమత లేదని తెలిసి, నాకోసం తనే పక్కకి తప్పుకుందన్నమాట. లేచి కూర్చుని తొమ్మిదొందల మాటల వ్యాసం రాశాను. అక్క త్యాగం గురించి. బాగా కూడా వచ్చింది, దరిద్రం. ఎక్కడికి పంపాలో కూడా అనుకున్నాను. పొద్దున ఏడింటికి ఫోన్ చేశాను.

"ఏంటే పొద్దున్నే? ఆఫీసు లేదా?"

చెప్పాను. రెండు నోట్లూ చదివాను. అటువైపు కుక్కర్ విజిల్ వచ్చింది, ఇంకోటి వచ్చింది.

"నా గురించి ఎన్ని రాసి పెట్టుకున్నావే?"

ఈ ప్రశ్న నేను ఊహించలేదు. "అక్క" ట్యాగ్ తెరిచి చూశాను. "అరవై మూడు."

"అరవై మూడా! చదువు."

అయిదారు చదివాను. మొదటి రెంటికీ పడీ పడీ నవ్వింది. మూడోదానికి నవ్వలేదు. "అది అట్లా జరగలేదు" అంది. పెళ్ళి సంగతి మళ్ళీ చదవమంది. "మిగిలింది పప్పు కాదు, సాంబారు. పెరుగు తక్కువైంది. బాబాయి గుట్టుచప్పుడు కాకుండా బండేసుకుని వెళ్ళి తెచ్చాడు. అది రాయలేదే?"

నాకు తెలీదు, అందుకే రాయలేదు.

"నీకోసం చదువు మానేశానని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. రెండూ పక్కపక్కన చూస్తే..."

"రెండు కాయితాలు పక్కపక్కన పెడితే కథైపోతుందా?"

కాసేపాగి తనే చెప్పింది. లెక్కలు బాగానే వచ్చేవి. తెనాలి బస్సులో ఒకడుండేవాడు. దిగితే దిగేవాడు, ఎక్కితే ఎక్కేవాడు. సీటు వెనకాల నిలబడేవాడు. ఇంట్లో చెప్తే ఎట్లాగూ మానిపించేస్తారు, పైగా నువ్వేం చేశావని అడుగుతారు. "లెక్కలు రావట్లేదంటే ఇంకెవరూ ఏం అడగరు కదే. ఆడపిల్లకి లెక్కలు రావంటే అందరూ ఠక్కున నమ్ముతారు." మామూలుగా, కూర గురించి చెప్పినట్టు చెప్పింది. "త్యాగం గీగం ఏం లేదు. అప్పుడు నీకు పన్నెండేళ్ళు, నువ్వు నా ఆలోచనలోనే లేవు."

హాస్టల్ సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. అడగలేదు.

ఇది నేను రాయొచ్చా అనడిగాను. "రాసుకో. పేరు పెట్టకు" అంది. తర్వాత, "వాడి పేరు కూడా వద్దు" అంది. వాడి పేరు ఆమెకి ఇప్పటికీ గుర్తుందని నాకు అట్లా తెలిసింది.

నేనిన్నాళ్ళూ ట్యాగులు నాకు నిజాలు పట్టిస్తున్నాయనుకున్నాను. పట్టించింది నిజాన్నే, కాదనను. అక్కకి లెక్కలు రావన్నది అబద్ధమని ఆ ఒక్క మాట వల్లే బయటపడింది. కానీ ఆ అబద్ధం వెనక ఏముందో దగ్గర నేను నా కథ దూర్చేశాను, నేను మధ్యలో ఉండే కథ. నాయనమ్మ ముడి తగిలి ఇంకేదో గుర్తుచేసుకున్నట్టే ఇదీ. కాకపోతే నాయనమ్మ దాన్ని వ్యాసం చేసి ఎక్కడికీ పంపాలనుకోలేదు. బస్సు సంగతి నా దగ్గర ఏ ట్యాగ్ కిందా లేదు. ఉండే వీలు లేదు. రాసుకోవాలంటే ముందు ఎవరో ఒకరు చెప్పాలి. "చెప్పలేదు" అనే ట్యాగ్ ఇన్నేళ్ళూ నేను చెప్పనివాటి కోసం వాడాను. నాకు చెప్పనివి ఎక్కడ పెట్టుకోవాలో ఎప్పుడూ తోచలేదు.

ఆ తొమ్మిదొందల మాటలు చెరిపెయ్యలేదు. దానికి "అట్లా జరగలేదు" అని ఒక ట్యాగ్ పెట్టాను. ఇప్పుడు దాని కింద ఏడున్నాయి. అన్నిటికన్నా వేగంగా పెరుగుతున్న ట్యాగ్ అదే. అమ్మతో మాట్లాడినా పెరుగుతుంది, పాత రూమ్మేట్‌తో మాట్లాడినా పెరుగుతుంది. రైల్లో పెద్దావిడ తాళంచెవి సంగతి కూడా నేను విన్నట్టే అందో లేదో, అడగడానికి ఆవిడ లేదు.

సంక్రాంతికి ముందు అక్క వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. వాళ్ళ వంటింటి గోడ మీద వెంకట్రామా క్యాలెండర్, డిసెంబర్ కాయితం. కింద వాయిస్ మెసేజ్: "నువ్వొక్కదానివేనా పెట్టేది, చూడు." పెద్దది చేసి చూశాను. పాలు రానిరోజు "పా" అని రాసి ఇంటూ. "గ్యా" అంటే సిలిండర్ వచ్చింది. పనమ్మాయి రాని రోజులకి అడ్డగీత. చీటీ డబ్బులు కట్టిన తేదీకి గుండ్రంగా చుట్టింది. మా బావ బీపీ అంకెలు మూల మూలన. అంతా పెన్సిల్‌తో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఇవన్నీ నాకర్థమయ్యాయి. నాలుగు తేదీల దగ్గర మాత్రం చిన్న పువ్వు గుర్తుంది, నాలుగు రేకులు. పండగలు కావు, ఎవరి పుట్టినరోజులూ కావు. అన్నీ వేరు వేరు వారాల్లో, ఒక వరస ఏం లేదు.

ఫోన్ చేసి అడిగాను. "అక్కా, ఈ పువ్వులేంటి?"

"అవి నావి" అంది. తర్వాత పండక్కి ఏ బండికి వస్తున్నానో అడిగింది.